కూర్చుండు వృత్తి – కదలవలసిన దేహము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకముల పండుగనాడు వ్యాయామమును గూర్చి మాటలాడుట యెందులకని కొందఱికి తోచవచ్చును. ఇరువదియైదేండ్లుగా ఈ గదిలో కూర్చుండి చదువుకొన్నవారిలో నేనును ఒకడను. కూర్చుండుటవలని లాభమును ఎఱుగుదును, నష్టమును ఎఱుగుదును. అందుచేతనే జెర్రీ మారిస్ అను శాస్త్రవేత్త కథను మీకు చెప్పదలచితిని.

మారిస్ 1910వ సంవత్సరమున ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున జన్మించి, స్కాట్లండులోని గ్లాస్గోలో పెరిగెను. బాల్యమున తండ్రి ఆయనను నాలుగు మైళ్లు నడిపించెడివాడట. గంటలో ముగించినచో ఐస్‌క్రీము బహుమానము! పెద్దవాడై వైద్యవిద్య నభ్యసించి, రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైనిక వైద్యుడుగా మన దేశమునను పనిచేసెను.

యుద్ధానంతరము ఇంగ్లండులో గుండెపోటు మరణములు పెరుగుచుండెను. కారణము స్పష్టముగా తెలియదు. మారిస్ దానిని బస్సులలో వెదకెను. హైదరాబాదు నగరమున ఒకప్పుడు తిరిగిన రెండంతస్తుల బస్సులను మన పెద్దలు ఎక్కియే యుందురు. లండనులో అట్టి బస్సును నడపు డ్రైవరు దినమంతయు కూర్చుండెడివాడు. కండక్టరు టిక్కెట్లిచ్చుచు దినమునకు ఐదారువందల మెట్లు ఎక్కెడివాడు. ఇద్దఱిదియు ఒకే బస్సు, ఒకే కొలువు. దాదాపు 31,000 మంది రవాణా ఉద్యోగుల లెక్కలను పరిశీలింపగా, గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా వచ్చుచున్నదనియు, వచ్చినను ప్రాణాపాయము తక్కువనియు తేలెను. ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులను, బల్లయొద్ద కూర్చుండు గుమాస్తాలను పోల్చి చూడగా అచ్చటను అదే ఫలితము. ఈ పరిశోధన 1953లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడెను.

అంతటితో ఆయన తృప్తి చెందలేదు. డ్రైవర్లు మొదటినుండియే స్థూలకాయులేమో యను సందేహము కలిగి, వారి యూనిఫారముల నడుము కొలతలను సేకరించెను. నిజముగనే డ్రైవర్ల నడుములు పెద్దవి! అయినను సన్ననివాడైనను, లావైనవాడైనను కండక్టరునకే అపాయము తక్కువగా కనబడెను. తన సిద్ధాంతమును తానే శంకించి పరీక్షించుట శాస్త్రజ్ఞుని లక్షణము.

ఇక ముఖ్యమైన సంగతి. తాను కనుగొన్న సత్యమును ఆయన కాగితముపై విడిచిపెట్టలేదు. తానును కూర్చుండి పనిచేయువాడనే యని గ్రహించి, ఈదుట, పరుగెత్తుట నిత్యవ్రతముగా చేసికొనెను. ఆ కాలమున లండనులోని హ్యాంప్‌స్టెడ్ హీత్ మైదానమున ఒక పెద్దమనిషి పరుగెత్తుచుండగా జనులు వింతగా చూచెడివారు. ఆయన మానలేదు. తొంబదియేండ్లు దాటినను వ్యాయామము విడువలేదు. 2009లో, 99వ ఏట మరణించెను.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల మనకు ఈ కథతో పనియేమి? మా తండ్రిగారు వ్యాయామమను మాటయే యెఱుగరు. మోట తోలిరి, నాగలి పట్టిరి, సంతకు నడచిపోయిరి. నేను గుమాస్తానై ముప్పదియేండ్లు కుర్చీలో గడపి, ఆయనకు లేని మధుమేహమును సంపాదించుకొంటిని. నేడు మన పొలములు ప్లాట్లైనవి. మన బిడ్డలు కంపెనీలలో తెరలయెదుట కూర్చుండుచున్నారు. ఇది తప్పు కాదు, చదువు తెచ్చిన ఫలమే. కాని డ్రైవరు ఆసనములోనికి మారితిమని మఱచినచో ప్రమాదము. పొలముపని, ఇంటిపని రెండును మోయు స్త్రీలకు నేను ఈ మాట చెప్పజాలను. వారికి ముందు కావలసినది విశ్రాంతి, ఆ పనిలో మనము పంచుకొనవలసిన భాగము.

పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల ఓ మోస్తరు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా వారమున ఐదు దినములు, దినమునకు అరగంట చుఱుకైన నడక. దానికి డబ్బక్కఱలేదు. జబ్బున్నవారు మాత్రము వైద్యుని సలహా గైకొనవలెను.

కావున ఈ రజతోత్సవ శుభసమయమున చందాదారులకు నాదొక విన్నపము. కాళ్లు సహకరించువారందఱును ఇకమీద గ్రంథాలయమునకు మోటారు సైకిలుపై రాక, నడచి రండు. పుస్తకము చేతబట్టి చెఱువుగట్టుమీదుగా నడచి పొండు. చదువు మనస్సునకు, నడక దేహమునకు. ఒకే దారిలో రెండును లభించును. నేను ఈ సాయంకాలము నడచియే వచ్చితిని, నడచియే పోవుదును. తోడు వచ్చువారికి స్వాగతము.