కథలో మనిషికి ఎన్నేళ్లు?

స్మారకోపన్యాసం కదా, పెద్ద విషయమేదైనా ఎంచుకోమన్నారు నిర్వాహకులు. నేను చిన్నదే పట్టుకొచ్చాను. కథ రాసేవాళ్లు ప్రధాన పాత్రకు ఎన్నేళ్లు పెట్టాలి?

కొత్తవాళ్లు చూపించే కథల్లో ఎక్కువగా పాతికేళ్ల యువకుడే ఎదురవుతాడు. రాసినవాళ్ల వయసూ అదే మరి. ఆ కథకు ఆ వయసు ఎందుకని అడిగితే తెల్లమొగం వేస్తారు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందుల్లో పనిచేసే ఆచారిని తీసుకోండి. పాతికేళ్లవాడైతే కన్ను చురుకు, కథ కూలి దగ్గరో అప్పు దగ్గరో తిరుగుతుంది. డెబ్బై అయితే చూపు తగ్గిందని అందరికీ తెలుసు, పని ఇచ్చేవాళ్లుండరు. నలభై నాలుగు పెట్టి చూడండి. చత్వారం మొదలైంది. టంకం కరిగి అతుకులోకి పాకిందో లేదో ఆనడం లేదు. అద్దాలు పెట్టుకుంటే అంగడాయన కనిపెడతాడు. గొలుసును దగ్గరికి తెచ్చుకుంటాడు, దూరంగా జరుపుతాడు, వెలుతురు లేదని పక్కనున్న పిల్లోని మీద విసుక్కుంటాడు. దాచుకోవాల్సింది ఒకటి పుట్టింది కాబట్టి ఇక కథ తానే నడుస్తుంది.

జమ్మలమడుగు వైపు ఈ వయసు లెక్క సర్కారే వేసింది. గండికోట జలాశయం ముంపు ఊళ్లలో పునరావాస పరిహారానికి కటాఫ్ తేదీకి 18 నిండినోళ్లు విడి కుటుంబం, నిండనోళ్లు నాయన కుటుంబంలో ఒక పేరు. 2013 భూసేకరణ చట్టం కూడా, పెళ్లయినా కాకున్నా, మేజరును విడి కుటుంబంగానే చూస్తుంది. అలాంటి ఊళ్లో ఒక ఆడపిల్లను ఊహించండి. అమ్మకు గుర్తున్న పుట్టుక శనిక్కాయలు పెరికే కాలం. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు సుమారుగా వేసింది ఆ తర్వాతొచ్చే జూన్ ఒకటి. అమ్మ లెక్కలో పద్దెనిమిది నిండింది, కాగితంలో నిండలేదు. ఈ కథ ఇంకే వయసులోనూ పుట్టదు.

పులివెందుల పక్కనున్న వేంపల్లె నుంచి వచ్చిన షరీఫ్ ‘జుమ్మా’ కథలో రెండు వయసులు వాడుకున్నాడు. ఆ పేరుతో వచ్చిన సంపుటికే 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. శుక్రవారం నమాజుకు పొమ్మని పిల్లోణ్ణి వెంటపడి తరిమిన అమ్మే, 2007 మేలో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలాక, పట్నంలో ఉన్న కొడుకుకు ఫోను చేసి పోవద్దంటుంది. కొడుకు పిల్లోడుగానే ఉండిపోతే ఆ ఫోనే లేదు. మొదటినుంచీ పెద్దోడే అయితే ఆ తల్లి ఎంత దిగివచ్చిందో మనకు తెలియదు.

నవలకు ఇంత ఇరుకు లేదు. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ సుందరం అక్షరాభ్యాసంతో మొదలై వాడితోపాటే పెరుగుతుంది.

ఇక ఫ్యాక్షన్ కథలు. సినిమాల పుణ్యమా అని అన్నింట్లోనూ ముప్పై ఏళ్ల మీసమే. కానీ హత్యను చూసిన పిల్లోడూ ఉండొచ్చు. అడిగిన ప్రశ్న అర్థమై, తెలివిగా జవాబు చెప్పగలిగితే పదేళ్ల పిల్లోని సాక్ష్యాన్నయినా కోర్టు వింటుంది. చూసింది చెప్పాలా, ఇంట్లోవాళ్లు నేర్పింది చెప్పాలా అని వాడు సతమతమవుతుంటే, మనం కొడవలి పట్టినోని వెనకే పరుగెత్తుతున్నాం. ఆ పిల్లోణ్ణి పెట్టి ఎవరైనా ఒక కథ రాయండి, వచ్చే ఏడు ఇక్కడే చదివించుకుందాం.