పిల్లల మాటలు - పిల్లల వ్రాత

ఐదేండ్లు నిండిన బిడ్డకు పలక బలపము ఇచ్చి బడికి పంపునప్పుడు, "వీనికింకను ఏమియు రాదు, అంతయు పంతులుగారే నేర్పవలెను" అని మనము తలంతుము. ఇది సత్యము కాదు. ఆ బిడ్డ బడి గడప త్రొక్కునాటికే వేలకొలది మాటలు నేర్చియుండును. ఎవరిని 'నువ్వు' అనవలెనో, ఎవరిని 'మీరు' అనవలెనో ఎరుగును. 'ఇల్లు' అన్న మాట 'ఇంటికి' అనియు, 'ఇండ్లు' అనియు మారుట ఏ వ్యాకరణమును చదువకయే తెలిసికొనును. ఆ బిడ్డకు అక్షరము కొత్త గాని భాష కొత్త కాదు. ఈ భేదమును గుర్తించుటయే ప్రాథమిక విద్యకు పునాది.

మన నిజామాబాదు, బోధను ప్రాంతములలో ఈ విషయము మరింత ఆలోచింపదగినది. మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఈ నేలకు నీరు తెచ్చినది. నీటి వెంట చెరకు వచ్చినది. చెరకు వెంట 1937లో శక్కర్‌నగరు కర్మాగారము వెలసినది. పొలము వెదకుకొనుచు కొందరు, పని వెదకుకొనుచు కొందరు పలుతావుల నుండి వచ్చిరి. కృష్ణా, గోదావరి తీరముల రైతులు ఇచట క్యాంపులు కట్టుకొనిరి. మహారాష్ట్రము మనకు పొరుగు. ఉర్దూ మన వీధిలోని భాష. 2015లో కర్మాగారము మూతపడినను ఆ కలయిక మాత్రము నిలిచియే యున్నది. ఒకే తరగతిలో ఒకడు 'అంగి' అనును, ప్రక్కవాడు 'చొక్కా' అనును. ఒకరి యింట 'ఆలుగడ్డ', వేరొకరి యింట 'బంగాళాదుంప'. మరియొక బిడ్డ ఇంట వినునది మరాఠీయో, లంబాడీయో అగును.

బాలల కార్యక్రమము నిమిత్తము మేము ఒకనాడు ఈ చెరకు సీమలోని పల్లెబడికి పోయియుంటిమి. రెండవ తరగతి బాలిక యొకతె తన నోటుపుస్తకము చూపినది. అందు 'మా అమ్మ చాయల శక్కర ఏసింది' అని వ్రాసియున్నది. దానిపై ఎఱ్ఱసిరా గీత; క్రింద 'చక్కెర', 'వేసింది' అని దిద్దుబాటు. తరువాతి పుటలను త్రిప్పి చూచితిమి. అన్నియు నల్లబల్ల నుండి ఎత్తి వ్రాసినవే. ఆమె సొంత వాక్యము మరి యొక్కటియు లేదు. దిద్దినవారిని మాత్రమే నిందించుటకు మాకు నోరు లేదు. రేడియో మాట శుద్ధముగా నుండవలెనను అభిమానముతో మేమును ఆనాడు మైకు ముందు ఆమె ఉచ్చారణను రెండుమార్లు సవరించితిమి. మూడవమారు ఆమె నోరు విప్పలేదు. శక్కర్‌నగరు చెంత 'శక్కర' తప్పైనది! వాక్యము బాగుపడినది గాని, వ్రాయవలెనన్న ఇచ్చ చచ్చినది.

అట్లైన గ్రంథములలోని మాటను నేర్పవద్దా? తప్పక నేర్పవలెను. ఇంటి మాటను చెరిపి దాని చోట పుస్తకపు మాటను పెట్టుట ఒక పద్ధతి. ఇంటి మాట ప్రక్కన పుస్తకపు మాటను నిలుపుట వేరొక పద్ధతి. మొదటిదాని వలన బిడ్డ ఒక మాటను పోగొట్టుకొనును. రెండవదాని వలన ఒకటికి రెండు మాటలు సంపాదించును.

న్యూజీలాండులో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ 1963లో 'టీచర్' అను గ్రంథము ప్రకటించినది. ఆమె ఒక్కొక్క బిడ్డను చేరబిలిచి, ఏ మాట కావలెనో అడిగి, దానిని అట్టముక్కపై వ్రాసి చేతికిచ్చెడిది. మరునాడు బిడ్డ గుర్తించిన మాట బిడ్డది. గుర్తింపని మాట ముఖ్యము కాదని తీసివేసెడిది. ప్రేమ, భయము నిండిన మాటలు ఒక్క చూపుతోనే మనసున నిలుచునని ఆమె అనుభవము. మన దేశమున 1920లో భావనగరులో బాలమందిరము నెలకొల్పిన గిజుభాయి బధేకా కూడ కథలను, ఆటలను చదువునకు వాకిలి చేసెను.

ఈ దారి మన బడికిని తగును. ఋషిని ఎన్నడును చూడని బిడ్డకు 'గడ', 'కణుపు', 'పిప్పి', 'పసుపు' చేతికందిన మాటలు. 'గడ' వచ్చిన పిదప 'ప' ఒక్కటి చేర్చిన 'గడప' వచ్చును. అవే అక్షరములను అటునిటు మార్చిన 'పడగ' యగును. 'పసుపు' అన్న మాటలో 'ప' ఒకమారు తలకట్టుతోను, ఒకమారు కొమ్ముతోను కనబడును. పసుపుకొమ్మును నలుగురితో కూర్చుండి ఏరిన బిడ్డకు అక్షరపు కొమ్ము బరువు కాదు. 'పిప్పి'లో గుడియు, ఒత్తును ఒకేచోట దొరకును.

తరువాత మాట నుండి మాటను పుట్టించుట నేర్పవలెను. 'కోయు' నుండి 'కోత', 'మేయు' నుండి 'మేత', 'నేయు' నుండి 'నేత', 'వ్రాయు' నుండి 'వ్రాత'. ఈ జాడ తెలిసిన బిడ్డ తక్కినవానిని తానే అల్లుకొనును.

వ్రాతకును ఇట్టి క్రమమే కలదు. మొదట బిడ్డ చెప్పవలెను, పెద్దవారు వ్రాయవలెను. ఆ తన వాక్యమునే బిడ్డ చూచి వ్రాయవలెను. పిదప దానిని పెంచవలెను: 'బండి వచ్చింది.' 'చెరకు బండి వచ్చింది.' 'మా మామ చెరకు బండి పొద్దున్నే వచ్చింది.' దిద్దువారు తప్పులు వెదకుటకు ముందు, బిడ్డ చెప్పిన సంగతిని విని సంతోషింపవలెను. ఒకనాటికి ఒక్క తప్పు దిద్దిన చాలును.

సాధ్యమైనచోట కనీసము ఐదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. మన రాష్ట్రమున 2022లో 'తొలిమెట్టు' కార్యక్రమము చదువు, వ్రాత, లెక్కలపై దృష్టి నిలిపినది. అయినను బడి పని బడిదే, ఇంటి పని ఇంటిదే. బతుకమ్మ పేర్చునప్పుడు తంగేడు, గునుగు, కట్ల పూల పేర్లు చెప్పించుడు. అంగడికి పోవునప్పుడు సరకుల చీటి వ్రాయించుడు. రేడియోలో కథ విన్న పిదప దానిని బిడ్డ నోట మరల చెప్పించుడు. ఖరీదైన సామగ్రి అక్కరలేదు. నిజాము పాలనలో నిర్బంధితుడైన దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు చెరసాల గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసెను. మన బిడ్డకు అరుగుమీద ఒక సుద్దముక్క చాలదా?

ఈ రాత్రి అన్నము తిన్న తరువాత మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నీకే మాట వ్రాసి యియ్యవలెను?" అని అడుగుడు. బిడ్డ 'శక్కర' అన్నచో 'శక్కర' అనియే వ్రాసి యిండు. 'చక్కెర'ను రేపు నేర్పవచ్చును.