వారానికి రెండు మ్యాచ్‌లు

అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో చలికాలం రాత్రి ఒకటిన్నరకి యూరప్ ఫుట్‌బాల్ పోటీ ఛాంపియన్స్ లీగ్ చూసే కుర్రాళ్లకు తెల్లారితే నిద్రమత్తు. మరి ఆడినవాళ్ల సంగతో? మంగళ, బుధవారాల్లో యూరప్ పోటీ ఆడిన జట్టు వారాంతంలో మళ్లీ దేశవాళీ లీగ్‌లో దిగాలి. మధ్యలో ప్రయాణాలు, విశ్రాంతికీ సాధనకూ తీరిక తక్కువ. 2016లో ఇంగ్లండ్ లీగ్ గెలిచిన లెస్టర్ సిటీ మరుసటి సీజన్‌లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్ చేరింది, లీగ్‌లో మాత్రం 12వ స్థానానికి జారింది. యూరప్ పోటీల్లేని చెల్సీ 10వ స్థానం నుంచి లేచి 2017లో టైటిల్ కొట్టింది. 2023లో మాంచెస్టర్ సిటీ లీగ్, ఛాంపియన్స్ లీగ్ రెండూ గెలిచిందంటే అది బెంచ్ బలం, అంటే రిజర్వు ఆటగాళ్ల సత్తా. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన అప్పటి మన హైదరాబాద్ ఎఫ్‌సీ లాంటి జట్టు ఎప్పుడైనా ఆసియా పోటీల్లో ఆడాలన్నా ముందు సమకూర్చుకోవాల్సింది ఆ బలమే.