రిజిస్ట్రేషన్ అయిపోతే ఇల్లు మనదేనా?

ఇల్లు కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇంక ఇల్లు మాదే కదా?" అని. స్వీట్ బాక్స్ పట్టుకొని వచ్చి మరీ అడుగుతారు. ఇదే ప్రశ్న నెల ముందు అడిగి ఉంటే ఎంత బాగుండేది అని లోపల అనుకుంటాను, పైకి అనలేను.

చూడండి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏం చూస్తారు? అమ్మేవాళ్లు, కొనేవాళ్లు వచ్చారా, సాక్షులు ఉన్నారా, స్టాంప్ డ్యూటీ కట్టారా, ఆ ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా. అంతే. అమ్మే మనిషికి నిజంగా అమ్మే హక్కు ఉందా లేదా అని విచారణ చేయడం ఆయన పని కాదు. తమిళనాడులో, టైటిల్ చూపించకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించొచ్చని ఒక రూలు ఉండేది. 2025లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు ఎవరిదో తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రార్‌కి లేదని చెప్పింది. కాబట్టి అమ్మేవాళ్లకి ఎంత హక్కు ఉంటే మీకు అంతే వస్తుంది. వాళ్లకి సగం ఉంటే, మీరు మొత్తానికి డబ్బులు కట్టినా సరే, మీకు వచ్చేది సగమే.

నా దగ్గరికి ఒక జంట వచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. హైదరాబాద్ శివార్లలో 150 గజాల్లో పాత డాబా ఇల్లు కొన్నారు. అమ్మింది ఇద్దరు అన్నదమ్ములు. ఇల్లు వాళ్ల నాన్న కష్టార్జితం, ఆయన వీలునామా రాయకుండానే పోయారు, తల్లి అంతకుముందే లేరు. 30 ఏళ్ల ఈసీ తీశారు, ఏ సమస్యా లేదు. బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది. గృహప్రవేశం అయిన ఎనిమిది నెలలకి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. కేసు వేసింది ఎవరో తెలుసా? ఆ అన్నదమ్ముల సొంత చెల్లెలు. ఆమె పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది. తనకి ఒక చెల్లెలు ఉందన్న మాటే వాళ్లు వీళ్లకి చెప్పలేదు.

అన్నదమ్ములని అడిగితే, "పెళ్లప్పుడు కట్నం ఇచ్చి పంపించేశాం కదండీ, ఇంకేం వాటా" అన్నారు. ఈ మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు విన్నామో! చట్టంలో ఆ మాటకి విలువ లేదు. హిందూ వారసత్వ చట్టం 1956 నుంచే, తండ్రి కష్టార్జితం వీలునామా లేకుండా మిగిలితే కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. పూర్వీకుల ఆస్తిలో కూడా 2005 సవరణతో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే అంతకు ముందే, 1986లోనే, పెళ్లికాని కూతుళ్లకి ఇచ్చారు. ఆడపిల్ల తన వాటా వదులుకోవాలంటే రిజిస్టర్ అయిన హక్కు విడుదల పత్రం ఉండాలి, లేదా అమ్మేటప్పుడు తనూ వచ్చి సంతకం పెట్టాలి. "మా చెల్లి ఏమీ అనదు సార్" అనేది డాక్యుమెంట్ కాదు.

ఆ కేసు చివరికి రాజీ అయింది. మూడో వంతు వాటా డబ్బులో కొంత అన్నదమ్ములు ఇచ్చారు, మిగతాది ఈ జంటే ఇచ్చుకున్నారు. కొన్న ఇల్లే మళ్లీ కొనుక్కున్నట్టు. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. ఆమె అడిగింది ఆమె వాటానే.

మరి ఈసీలో ఇది ఎందుకు కనపడలేదు? ఎందుకంటే ఈసీలో వచ్చేవి రిజిస్టర్ అయిన లావాదేవీలు మాత్రమే. ఒక మనిషి చనిపోయాడని, ఆయనకి ముగ్గురు పిల్లలని ఈసీకి తెలియదు. రిజిస్టర్ చేయని వీలునామా అందులో రాదు. కోర్టులో నడుస్తున్న కేసు కూడా మామూలుగా రాదు. పైగా ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే, అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకి వెళ్లాలి. ఈసీ తీయొద్దని నేను అనట్లేదు. తీయండి, కానీ దాంతో ఆగిపోకండి. వారసులు అమ్ముతుంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అది చేతికి వచ్చాక కూడా ఆ వీధిలో ఇద్దరిని అడగండి, "వాళ్లకి ఎంతమంది పిల్లలండీ" అని. పక్కింటి ఆంటీకి తెలిసినంత ఏ ఆఫీసుకీ తెలియదు. వారసుల్లో మైనర్ ఉంటే కోర్టు అనుమతి ఉందా చూడండి. లేకపోతే ఆ పిల్లవాడు మేజర్ అయ్యాక మూడేళ్లలోపు కోర్టుకి వెళ్లి అమ్మకాన్ని రద్దు చేయమనొచ్చు. లాయర్ చేత పేపర్‌లో ప్రకటన కూడా వేయించండి, అభ్యంతరాలుంటే చెప్పమని. ఖర్చు కొన్ని వేలు.

"బ్యాంకు లోన్ ఇచ్చిందంటే లీగల్‌గా అంతా ఓకేనే కదా?" ఇది రెండో ప్రశ్న. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు కోసం. రేపు టైటిల్‌లో తేడా వచ్చినా ఈఎంఐ మీ జీతంలోంచే కట్ అవుతుంది. మీ లాయర్ మీకు వేరే ఉండాలి.

జీపీఏ మీద అమ్ముతున్నారు, కొనొచ్చా? జీపీఏ అంటే ఒకరి తరఫున సంతకం పెట్టే అధికారం, యాజమాన్యం కాదు. జీపీఏ అమ్మకాలతో హక్కు బదిలీ కాదని 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. జీపీఏ ఉన్న మనిషి యజమాని తరఫున మీకు సేల్ డీడ్ రిజిస్టర్ చేయొచ్చు, కానీ ఆ యజమాని బతికి ఉన్నారా? పోయి ఉంటే సాధారణంగా ఆ అధికారం కూడా అక్కడితో పోతుంది. ఒక్కసారి ఆయనతో వీడియో కాల్‌లో మాట్లాడించమనండి.

చెరువుల సంగతి హైదరాబాద్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు, 2024లో హైడ్రా వచ్చాక చూశాం. సర్వే నంబర్ పట్టుకొని హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాప్ చూసుకోండి.

ఇక కొత్త ఫ్లాట్లు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా బుకింగ్‌లు తీసుకోకూడదు. అంటే మీ ఫోన్‌కి వచ్చే ఆ "ప్రీ లాంచ్ ఆఫర్, ఈ రోజే ఆఖరు" మెసేజ్‌లో రెరా నంబర్ లేకపోతే, అక్కడే వదిలేయండి. రిజిస్టర్ అయిన అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ పది శాతం మించి అడ్వాన్స్ అడగకూడదు కూడా.

చివరగా అడ్వాన్స్. "టోకెన్ ఇచ్చేశాం, తర్వాత లోపం తెలిసింది, డబ్బులు వెనక్కి రావట్లేదు" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. టోకెన్ చిన్నదే ఇవ్వండి, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇచ్చే ముందు ఒక్క వాక్యం రాయించుకోండి: "లింకు డాక్యుమెంట్ల పరిశీలనలో హక్కు లోపం తేలితే అడ్వాన్స్ మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తాను." ఆ వాక్యం రాయడానికి అమ్మే ఆయన వెనకాడితే, ఎందుకో కనుక్కోండి ముందు.

వచ్చే ఎపిసోడ్‌లో ఓసీ లేని ఫ్లాట్ గురించి మాట్లాడదాం. ఉంటానండి.