వాడుకదారు ఆశించునది – మన మొసగునది



వస్తువును కొనుటకు ముందు చేతబట్టి చూడవచ్చును. క్షౌరమును అట్లు పరీక్షింప వీలులేదు. వచ్చినవాడు మనస్సులో నొక యాశ నుంచుకొని కుర్చీలో గూర్చుండును. లేచునపుడు జరిగినదానిని దానితో సరిచూచుకొనును. ఈ రెంటి నడుమనున్న యంతరమే సేవయొక్క గుణమును నిర్ణయించునని 1985లో అమెరికాలో పరశురామన్, జైథామల్, బెర్రీ అను మువ్వురు పండితులు ప్రతిపాదించిరి.

1988లో వారు ఈ గుణమునకు అయిదు లక్షణములు చెప్పిరి: మాట నిలుపుకొనుట, వెంటనే సాయపడుట, నేర్పుతో నమ్మకము కలిగించుట, ప్రతివానియందు శ్రద్ధ వహించుట, శాలయు పరికరములును చక్కగా నుండుట. వీనిలో మొదటిదే ప్రధానమని వారు కనుగొనిరి.

పది నిమిషములని చెప్పి గంటసేపు కూర్చుండబెట్టినచో, ఎంతటి చేతినేర్పయినను ఆ విసుగును మాన్పజాలదు. ఒకరికి వాడిన బ్లేడు వలన మరియొకరికి హెపటైటిస్-బి వంటి రోగములు సోకవచ్చును; కావున కొత్త బ్లేడును అతని కన్నులయెదుటనే విప్పవలెను. అతడు నోరు తెరచి యడుగడు; అయినను ఆశించును.

నేడు పెద్ద పెట్టుబడులతో సెలూన్లు వెలయుచున్నవి. అద్దములలో, శీతలయంత్రములలో వారితో మనము పోటీపడలేకపోవచ్చును. మాట నిలుపుటకు మాత్రము పెట్టుబడి యక్కరలేదు. అసంతుష్టుడు తరచుగా తగవాడడు. మౌనముగ మరియొక శాలకు పోవును. కావున అతడు లేచునపుడు "ఎట్లున్నది?" అని యడిగి, చెప్పినది శ్రద్ధతో వినుడు. పోషకులైన పెద్దలు మన యువకులకు ఇట్టి శిక్షణ నిప్పింతురేని, కులవృత్తి గౌరవముతో నిలుచును.