ఆదోని పాత బజారులో బండి నిలిపేదెక్కడ?

కోట కింద పెరిగిన ఆదోని పాత బజారు సందులు ఎద్దుల బండ్ల కాలానివి. వాటిని వెడల్పు చేయడానికి పాత కట్టడాలు కూల్చడం నాకు సమ్మతం కాదు. ఉన్న జాగానే సరిగా పంచుకోవాలి. రోజంతా ఒకే కారు అంగడి ముందు నిలిస్తే, పత్తి అమ్ముకుని సరుకులకు వచ్చిన రైతుకు చోటెక్కడిది? అందుకే అక్కడ మొదటి అరగంట ఉచితం, ఆపైన స్వల్ప రుసుము ఉండాలి. రోజంతా ఉంచేవాళ్లకు ఊరి అంచున ఉచిత స్థలం చూపాలి. రుసుము పెడితే బేరాలు పోతాయని వర్తకులు భయపడతారు. కానీ చోటు ఖాళీ అవుతుంటేనే కొత్త గిరాకీ వస్తుంది. ఉచిత పార్కింగ్ ఖర్చు చివరికి అందరి మీదా పడుతుందని అమెరికా ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో పుస్తకమే రాశారు. పార్కింగ్ స్థలాలు నిర్ణయించడానికి 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ వీలిస్తోంది. పొరుగు ఊరు ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వర జాతరలాంటి పండుగ రద్దీకైతే రథవీధికి దూరంగా తాత్కాలిక మైదానాలు, అక్కడినుంచి వృద్ధులకు ఆటోలు కావాలి.