సైబర్ టవర్స్ తరానికి నడివయసు

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ సంస్థల భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పట్లో 22, 23 ఏళ్లకు ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు యాభైకి అటూ ఇటూ ఉన్నారు. పక్క సీట్లోని ఫ్రెషర్‌ది దాదాపు వాళ్ల పిల్లల ఈడు.

మనసు ఎదగడం పాతికేళ్లకే ఆగిపోదని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో ఒక పుస్తకంలో వివరించాడు. పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎనిమిది దశలు, ఒక్కోదానిలో ఒక్కో పెనుగులాట. కుర్రతనంలో ‘నేనెవరు?’ అన్న ప్రశ్న, ఆపైన తోడు కోసం వెతుకులాట. నడివయసుకొచ్చేసరికి ప్రశ్నే మారిపోతుంది: తర్వాతి తరానికి నేనేం అందిస్తున్నాను? జవాబు దొరక్కపోతే బతుకు ఉన్నచోటే నిలిచిపోయినట్టు ఉంటుందంటాడు. ప్రమోషన్లు ఆగిన మేనేజర్లకు ఈ మాట వేరే చెప్పాలా!

ఈ దశను లోతుగా చూడ్డానికి ఎరిక్సన్ ఎంచుకున్నది మన గాంధీని. 1918 అహ్మదాబాద్ మిల్లు సమ్మెనాటికి ఆయనకు 48 ఏళ్లు. ఆ సమ్మె చుట్టూ గాంధీ గురించి ఎరిక్సన్ రాసిన పుస్తకం 1969లో వచ్చింది. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకుంది.

ఇక ఫ్రెషర్ల సంగతి. 18 నుంచి 25 ఏళ్ల దాకా, కుర్రతనానికీ పెద్దరికానికీ మధ్య, బాధ్యతలు ఇంకా మీదపడని ఒక ప్రత్యేక దశ ఉందని మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000లో ప్రతిపాదించాడు. పారిశ్రామిక దేశాల యువతను చూసి అన్న మాట అది. కొండాపూర్ హాస్టల్లో ఉంటూ జీతంలో సగం ఇంటికి పంపే అమ్మాయికి అది పూర్తిగా అతకదని నా అనుమానం. ఇంటి బాధ్యత ఆమె మీద ముందే పడింది. పెళ్లి మాట మాత్రం ఇంకా పెద్దల చేతిలోనే ఉంది.